పద్నాలుగో నెంబరు చోటు

"అమ్మా, ఇల్లు దొరికింది! మూడు పడగ్గదులు, తూర్పు వాకిలి, మంజీరా నీళ్ళు, పైగా కవర్డు పార్కింగు" అంటూ హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు.

పేపరు చదువుకుంటున్న మావారు కళ్ళజోడు పైకెత్తి, "వీడు కారెప్పుడు కొన్నాడే?" అన్నారు.

కొనలేదండీ. వాడికున్నది స్కూటరు. ఆఫీసుకి మొగుడూ పెళ్ళాం కంపెనీ బస్సులో వెళ్ళొస్తారు.

"కారు లేనివాడికి కారు చోటెందుకురా?" అన్నాను.

"విడిగా ఇవ్వరమ్మా, ఇంటితో పాటు వస్తుంది. నాకు పార్కింగు అక్కర్లేదు, అద్దె ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను కూడాను. ఇంటాయన నవ్వాడు."

నవ్వడూ మరి! హోటల్లో భోజనానికి కూచుని, నేను పెరుగు వేసుకోను, ధర తగ్గించండి అన్నట్టుంది.

అద్దెయిల్లయినా పాలు పొంగించందే మనకి ఇల్లనిపించదు కదా. అందుకని అమలాపురం నుంచి బస్సెక్కి కూకట్‌పల్లిలో దిగాను. పాలు పొంగించి, సామాను సర్ది, ఓ నెల్లాళ్ళుండి వచ్చాను. ఆ నెల్లాళ్ళలో ఒక చిన్న సంగతి జరిగింది. నిజంగా చిన్నదే. కాని తిరుగు ప్రయాణంలో అది నాతో పాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చేసింది. మీతో చెప్పుకుంటే తప్ప దిగేటట్టు లేదు.

ఈ ఇల్లు దొరికేముందు మా కోడలు రెండు నెలల పాటు టులెట్ బోర్డుల చుట్టూ ప్రదక్షిణాలు చేసింది. ఎక్కడికెళ్ళినా ఇల్లు చూపించకముందే ప్రశ్నలు. మీరేమిట్లు? మాంసం వండుతారా? పిల్లలెందరు? ఊరినుంచి పెద్దవాళ్ళొస్తే ఎన్నాళ్ళుంటారు? నీళ్ళు ఎక్కువ వాడతారా? ఇవన్నీ అయ్యాక ఒకాయన, "కారుందా? ఎంత పొడుగుంటుంది?" అని అడిగాడుట. అంతే. కారుని ఇంకేమీ అడగలేదు. అదేమిట్లు, అదేం తింటుంది, దాని తరఫు చుట్టాలెందరు — ఏమీ అక్కర్లేదు. పొడుగూ వెడల్పూ సరిపోతే చాలు, చోటిచ్చేస్తారు.

కోడలు ఇది చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే, ఇక్కడ మా వెనకవాటా ఖాళీ అయినప్పుడు, ఒక టీచరమ్మ చంటిపిల్లనెత్తుకుని వచ్చి అడిగితే, నేనూ మొదట ఆ ప్రశ్నే వేశాను. జవాబు విని, "మావారితో ఆలోచించి చెప్తాలెండి" అన్నాను. ఇప్పటికి పదిహేనేళ్ళయింది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను కాబోలు.

సరే, అద్దె ఇరవై రెండు వేలు, రెండు నెలల అడ్వాన్సు, అందరిలాగే పదకొండు నెలల అగ్రిమెంటు. ఈ అడ్వాన్సు విషయంలో హైదరాబాదు నయమేనండీ. బెంగుళూరులో మా చెల్లెలు కొడుకు పది నెలల అద్దె ఒక్కసారి లెక్కపెట్టి ఇచ్చాకే తాళం చేతికిచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో, కాపురానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రాశారు. నమూనా అనేది, పెళ్ళిచూపుల్లో పెట్టే స్వీటు లాంటిది. రోజూ అదే వండుతారని ఎవరూ హామీ ఇవ్వరు.

అగ్రిమెంటులో ఇంటి నెంబరు పక్కనే, "పార్కింగు నెంబరు 14" అని స్పష్టంగా రాసుంది. కిందికి దిగి చూశాను. అపార్టుమెంటు అంతా స్తంభాల మీద నిలబడి ఉంటుంది. మా లంక గ్రామాల్లో గోదావరి వరదకి భయపడి ఇల్లు ఎత్తుగా కట్టుకుంటారు. ఇక్కడ కార్ల వరదకి భయపడి ఎత్తారు. కింద సున్నంతో గీతలు, గీతల మధ్య అంకెలు. పద్నాలుగో నెంబరు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడుగు. మనకి తెలిసిన లెక్కలో పదిహేను చదరపు గజాలు. దానికెదురుగా, కరెంటు మీటర్ల పక్కన, మెట్ల కింద వాచ్‌మన్ గది. ఉండబట్టలేక దాన్ని కూడా అడుగులేసి చూశాను. పదికి పది. పదకొండు గజాలు. అందులో వాచ్‌మను, అతని భార్య, ఇద్దరు పిల్లలు, ముసలితల్లి.

మా అబ్బాయి లేని కారుకి పదిహేను గజాలు. ఉన్న అయిదుగురికి పదకొండు గజాలు.

వాచ్‌మన్‌ది మా రాజోలు వేపు ఒక లంక. మొదటిరోజు సామాను మోస్తూ, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఆ "ఆయ్" వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అంత పట్నంలో పుట్టింటి చుట్టం కనిపించినట్టయింది. ఏ ఊరు నాయనా, ఎందుకొచ్చావు ఇంతదూరం అంటే చెప్పాడు. అరెకరం లంక భూమి, నాలుగు కొబ్బరిచెట్లు ఉండేవిట. గోదావరి ఏటేటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి చెట్లతో సహా పట్టుకుపోయింది. "భూవుందండి. కాయితం మీదుందండి. నేల మీదే లేదండి" అని నవ్వాడు.

సాయంత్రమయ్యేసరికి మా పద్నాలుగో నెంబరులో ముసలమ్మకి ఒక మడతమంచం వేసేవాళ్ళు. గదిలో గాలాడదు. స్తంభాల మధ్య కాస్త గాలి వస్తుంది. పిల్లలిద్దరూ ఆ మంచం పక్కనే చాప పరుచుకుని ట్యూబులైటు కింద చదువుకునేవాళ్ళు. నేనూ పొద్దుపోక కిందికి దిగి, మంచం అంచున కూచుని ఆవిడతో కబుర్లాడేదాన్ని. అంతర్వేది కల్యాణం, గోదావరిలో పులసలు, పాశర్లపూడిలో 1995లో గ్యాసు బావి అంటుకుని రెండు నెలలు పైగా మండినప్పుడు రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండటం — ఇద్దరికీ తెలిసిన సంగతులే. మామ్మా మామ్మా అంటూ నాకు మంచి కాలక్షేపమైపోయింది.

వారం తిరక్కుండా అపార్టుమెంటు సంఘం సెక్రటరీగారు మెట్ల దగ్గర నన్నాపారు. "ఏమీ అనుకోకండమ్మా. మీ చోటు ఖాళీగా ఉంచుకోండి. ఇవాళ మంచం వేస్తారు, రేపు పొయ్యి పెడతారు. తరవాత లెమ్మంటే లేవరు." మంచిమనిషే ఆయన. విసుగుతో కాదు, అనుభవంతోనే చెప్పాడు.

ఆ రెండోరోజే మూడో అంతస్తాయన మా అబ్బాయిని పట్టుకున్నాడు. ఆయనకి రెండో కారొస్తోందిట. మీకెలాగూ కారు లేదు కాబట్టి చోటు నాకివ్వండి, నెలకి రెండు వేలిస్తానన్నాడు. "రెండు వేలంటే మాటలా అమ్మా? మెయింటెనెన్సు చాలామట్టుకు గిట్టిపోతుంది" అన్నాడు వాడు. కోడలు అన్నం వడ్డిస్తూ, "మరి మామ్మగారెక్కడ కూచుంటారు?" అంది. ఆ మాటకి ఎవరం జవాబు చెప్పలేదు. మూడో అంతస్తాయనకి కూడా చెప్పలేదు. అలా నానుతూనే ఉంది.

ఇంతలో ఆదివారం మా వియ్యాలవారు భోజనానికొస్తామన్నారు. వాళ్ళది పెద్ద కారు. వీధిలో పెట్టించడం బాగుండదు. నేనే కిందికి దిగి, "మామ్మా, ఈ పూటకి మంచం తీయిస్తావా? చుట్టాలొస్తున్నారు" అన్నాను.

"ఆయ్, అలాగేనమ్మా" అని ఆవిడ వెంటనే లేచింది. మనవడు మంచం మడిచేశాడు. చాప చుట్టేశారు. కోడలు చీపురు తెచ్చి తుడిచింది కూడా.

కారొచ్చింది. భోజనాలయ్యాయి. సాయంత్రం కారెళ్ళిపోయింది.

మర్నాడు మంచం వెయ్యలేదు. ఆ మర్నాడూ వెయ్యలేదు. చూసుకుంటూనే ఉన్నాను. ఈ పూటకి తీయమన్నాను గాని, మళ్ళీ వేసుకోమని నేను చెప్పలేదు. అడిగితే కాదనేదాన్నా? కాదనను. కాని ఆవిడెందుకడుగుతుంది? ఒకసారి లేపినవాళ్ళని మళ్ళీ కూచోవచ్చా అని ఎవరడుగుతారండీ? చెప్పొద్దూ, నాలో ఒక మూల, పోనీలే, గొడవ లేకుండా తేలిపోయింది, సెక్రటరీగారికి మాట రాదు అని కూడా ఉంది. దాన్ని దాచి ప్రయోజనం లేదు.

నాలుగోరోజు మనసొప్పక గుమ్మం దగ్గరికి వెళ్ళి, "మామ్మేదీ?" అన్నాను. "చెల్లింటికి పంపేసానండి, రాజోలు బస్సెక్కించేసాను. గదిలో ఊపిరాడతల్లేదంటందండి" అన్నాడు వాచ్‌మను. నా మీద నిష్ఠూరం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

నేను అక్కడున్న మిగతా రోజులన్నీ పద్నాలుగో నెంబరు ఖాళీగానే ఉంది. కారూ లేదు, మంచమూ లేదు. నెంబరొక్కటే ఉంది.

ఆ రాత్రి మావారికి ఫోను చేసి చెప్పుకున్నాను. ఆయన ముప్ఫయ్యేళ్ళు అమలాపురం కోర్టులో ప్లీడరు గుమస్తాగా చేశారు. ఏడుస్తూ చెప్పినా సరే, ముందు అందులో పాయింటేమిటో చూస్తారు. "అసలా చోటు ఎవరిదో తెలుసునా నీకు?" అన్నారు. 2010 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చిందిట. బొంబాయిలో ఒక బిల్డరుకీ, ఫ్లాట్లవాళ్ళ సొసైటీకీ వచ్చిన తగాదా. స్తంభాల మధ్య ఉండే పార్కింగు చోటు, బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు, అది అందరికీ ఉమ్మడిది అని తేల్చారు. అది మహారాష్ట్ర చట్టాన్ని బట్టి చెప్పిన తీర్పేననుకోండి. తరవాత 2016లో దేశం మొత్తానికీ రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, వచ్చింది. అందులో ఉమ్మడి స్థలాలంటే ఏవేవో జాబితా రాశారు. మెట్లు, లిఫ్టులు, మేడమీద, ఆటస్థలం, ఆరుబయట పార్కింగు. "ఇంకోటి కూడా ఉందే ఆ జాబితాలో" అన్నారు మావారు. "కాపలావాళ్ళూ, పనివాళ్ళూ ఉండే గది."

చూశారా? చట్టం వాళ్ళనిద్దర్నీ ఒకే జాబితాలో, పక్కపక్కనే కూచోబెట్టింది. మనమే గీతలు గీశాం.

ఈ పార్కింగు గొడవ మనదొక్కరిదే కాదులెండి. జపాన్లో 1962 నుంచీ ఒక చట్టముంది. కారు పెట్టుకోవడానికి చోటుందని పోలీసుల చేత కాగితం తెచ్చి చూపించందే పట్నాల్లో కారు రిజిస్టరు చెయ్యరు. అమెరికాలో డొనాల్డ్ షూప్ అని ఒక ప్రొఫెసరు 2005లో ఒట్టి పార్కింగు మీదే ఏడువందల పేజీలు దాటిన పుస్తకం రాశాడు. ఆయన చెప్పిందేమిటంటే, కారన్నది తన ఆయుష్షులో నూటికి తొంభై అయిదు పాళ్ళు కదలకుండా నిలబడే ఉంటుంది. ఆ నిలబడటానికయ్యే ఖర్చు ఇంటి అద్దెల్లోనూ సరుకుల ధరల్లోనూ కలిసిపోయి, కారు లేనివాళ్ళు కూడా కడుతూ ఉంటారు. మా అబ్బాయిలాగే అన్నమాట. జపాను వాళ్ళు కారు కొనేముందు అది ఎక్కడ పడుకుంటుందని అడుగుతారు. మనం ఒక మనిషిని కాపలాకి పెట్టుకునేముందు, వీడూ వీడి తల్లీ ఎక్కడ పడుకుంటారని మనల్ని మనమైనా అడుగుతామా?

"నువ్వేం తప్పు చేశావమ్మా?" అన్నాడు మా అబ్బాయి. "మనం డబ్బు కట్టే చోటు. మనకి పనిపడింది. మర్యాదగా అడిగాం. వాళ్ళు తీశారు."

నిజమే. ఒక్కొక్క మాటా నిజమే. నేనెవర్నీ తిట్టలేదు, తరమలేదు. పోనీ ఇది కాఠిన్యం అందామంటే కాదు, రోజూ ఆవిడ మంచం మీదే కూచుని కబుర్లాడాను. సెక్రటరీగారి భయంలోనూ కొంత నిజముంది. పదిమంది కలిసి ఉండేచోట ఒక పద్ధతి ఉండాలి. ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకుంటే రేపు నిప్పంటుకున్నా దారి దొరకదు. అందరివీ నిజాలే. మరి మామ్మ రాజోలు బస్సెందుకెక్కింది?

ఆలోచించగా ఆలోచించగా నాకు మా అత్తవారింటి వీధరుగు గుర్తొచ్చింది.

ఇప్పటి పిల్లలకి తెలియదు గాని, మా కోనసీమలో మండువా లోగిలికి వీధివేపు రెండు పక్కలా అరుగులుండేవి. దస్తావేజు ప్రకారం అవి మావే. కాని వాటి మీద కూచోడానికి మా అనుమతి ఎవరూ అడిగేవారు కాదు. బండారులంక నుంచి చీరల మూట తెచ్చే నేతాయన మధ్యాహ్నం అక్కడే నడుం వాల్చేవాడు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి నడిచివెళ్ళేవాళ్ళు రాత్రికి అక్కడే పడుకుని తెల్లారుజామున లేచిపోయేవారు. వాళ్ళెవరో మాకు తెలిసేది కాదు. మా మావగారు మహా కోపిష్ఠి. ఇంట్లో ఆయన దగ్గరికి వెళ్ళాలంటే మాకే హడలు. అయినా అరుగు మీదివాళ్ళకి ఆ కోపంతో పనిలేదు. ఆయన మంచిగా ఉన్నా అరుగుంది, మండిపడుతున్నా అరుగుంది.

నాకప్పుడు తట్టింది. ఆ అరుగు మీద కూచోడానికి ఆ రోజు ఇంటివాడికి దయ కలగక్కర్లేదు. ఎప్పుడో ఇల్లు కట్టినరోజున, తాపీమేస్త్రీ తాడు పట్టి కొలిచినప్పుడే, ఆ దయ ఇటికల్లో పెట్టి కట్టేశారు. తరవాత వచ్చినవాళ్ళం మంచివాళ్ళమైనా కాకపోయినా ఇల్లు మటుకు తన మంచితనం తాను చేసుకుపోయేది. అపార్టుమెంటులో అలాంటి చోటు ప్లానులోనే లేదు. అందుకని మామ్మ కూచోడమూ లేవడమూ నా మనసు మీద ఆధారపడ్డాయి. నా మనసు వారంరోజులు బాగుంది. ఆదివారం చుట్టాలొచ్చారు. అంతే.

మనం ఎప్పుడూ, "నేను మంచిదాన్నేనా?" అని అడుక్కుంటాం. "నా ఇల్లు మంచిదేనా?" అని అడగం. నా మంచితనానికి తలనొప్పి వస్తుంది, చుట్టాలొస్తారు, నెలాఖరొస్తుంది. ఇంటి మంచితనానికి అవేమీ రావు.

ఇక్కడితో ఆపేస్తే చక్కగా ఉండును. పాతకాలమే బాగుంది అని మీరూ నేనూ ఒక నిట్టూర్పు విడిచి కాఫీ కలుపుకోవచ్చు. కాని ఆ అరుగు గురించి ఇంకో సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది.

అరుగుకి మెట్లుండేవి. ఆ మెట్లు అందరూ ఎక్కేవారు కాదు. పొలం పనికీ, కొబ్బరి దింపుకీ వచ్చేవాళ్ళలో కొందరు కిందనే, ఎండలోనే నిలబడి మాట్లాడేవారు. ఎక్కొద్దని మేమెవరం అనేవాళ్ళం కాదు. ఎక్కమనీ అనేవాళ్ళం కాదు. ఆ సంగతి ఇటికలకి కూడా తెలుసు.

1996 నవంబరు 6. ఆ రాత్రి తుపాను కోనసీమవాళ్ళెవరూ మరిచిపోరు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు ఎన్ని లక్షలు కూలాయో. గాలి ఈల వేస్తుంటే పేటలోంచి ఆడవాళ్ళూ పిల్లలూ తడుచుకుంటూ వచ్చారు. ఆ రాత్రి మెట్లెక్కారు. అరుగు మీదికే కాదు, సావిట్లోకీ వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. మా అత్తగారు గంజి కాచి అందరికీ పోయించారు. తెల్లారింది, గాలి తగ్గింది, వాళ్ళు వెళ్ళారు. మధ్యాహ్నం అత్తగారు అరుగూ సావిడీ బిందెలకొద్దీ నీళ్ళు పోయించి కడిగించారు. బురదకి అన్నారు. బురదకేనని నేనూ అనుకున్నాను. వారం తిరిగాక మళ్ళీ వాళ్ళు మెట్ల కిందే నిలబడ్డారు.

ఈ పూటకి మంచం తీస్తావా అన్నదానికీ, ఆ రాత్రికి మెట్లెక్కమన్నదానికీ పెద్ద తేడా ఏముంది చెప్పండి? రెండూ "ఈ పూట"లే. అంచేత ఇంటి మంచితనం కూడా, కట్టించినవాడి మనసులో ఎంతమంది ఉన్నారో అంతవరకే. నేతాయన ఉన్నాడు, తీర్థయాత్రికులున్నారు, మరికొందరు లేరు. అపార్టుమెంటు కట్టినాయన మనసులో కార్లున్నాయి, మామ్మ లేదు. టీచరమ్మకి వాటా ఇవ్వనప్పుడు నా మనసులో ఎంతమందున్నారో, అది నేను లెక్క చెప్పుకోవాల్సిందే.

నెల్లాళ్ళయ్యాక అమలాపురంలో రిక్షా దిగి మా గేటు ముందు నిలబడ్డాను. ఎన్నేళ్ళుగానో చూస్తున్న ఇల్లే. ఆరోజు మాత్రం కొత్తగా కనిపించింది. అరుగేదీ?

లేదు. 2012లో మేమే తీయించేశాం. పాత ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు, అబ్బాయి సంక్రాంతికి అద్దెకారులో వస్తాడు, రేపు సొంతకారే కొంటాడు, ఎండలో ఉంటే పాడైపోదూ అని, అరుగులు రెండూ కొట్టించి కారు నిలబెట్టుకునే పోర్టికో వేయించాం. భోగి ముందురోజు వస్తాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి, మర్నాడు వెళ్ళిపోతాడు. ఏడాదికి నాలుగురోజులు. మిగతా మూడువందల అరవై ఒక్క రోజులూ ఆ చోటులో మా ఆయన చెప్పులూ, ఒక తులసికుండీ ఉంటాయి. కాయలు దింపడానికొచ్చినతను గేటు బయట, కల్వర్టు మీద, ఎండలో కూచుని బీడీ కాల్చుకుంటున్నాడు.

కూకట్‌పల్లి దాకా వెళ్ళి చూడక్కర్లేకపోయింది. పద్నాలుగో నెంబరు మా ఇంట్లోనే ఉంది.

అబ్బాయి ఆ మధ్య సంఘం మీటింగులో లేచి మాట్లాడాడుట. వాడు మాట్లాడాడంటే కోడలు పక్కన కూచుని పొడిచి ఉంటుంది. మూడో అంతస్తాయనకి చోటివ్వలేమని చెప్పేశారు. మీటర్ల పక్కన, గాలొచ్చేవేపు, పనివాళ్ళూ పెద్దవాళ్ళూ కూచునేందుకు శాశ్వతంగా కొంత చోటు గీసి వదలమని అడిగారు. గంటసేపు వాదించుకుని ఒక సిమెంటు బెంచీకి ఒప్పుకున్నారుట. మంచానికి ఒప్పుకోలేదు. మామ్మ వస్తుందో రాదో తెలియదు. బెంచీ మీద రాత్రి ఎవరూ పడుకోలేరు. కాని అది ఎవరి మనసు బాగున్నా బాగుండకపోయినా అక్కడే ఉంటుంది. అంతమటుకు నయం.

ఇక ఇక్కడి సంగతి. మొన్న మావారితో చెప్పాను. ప్రహరీగోడ రెండడుగులు లోపలికి జరిపించండి, గోడ బయట, మన స్థలంలోనే, ఒక అరుగు కట్టిద్దామని.

ఆయన పాయింటు వెతికారు. "ఈ రోజుల్లో అరుగు మీద ఎవరు కూచుంటారే?"

"ఎవరో ముందే తెలిస్తే అది అరుగెందుకవుతుందండీ? కుర్చీ అవుతుంది" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. తాపీమేస్త్రీని పిలిపించారు. అతను టేపు తీసి గోడ పక్కన పెట్టి, "ఎంతెత్తు కట్టమంటారమ్మగారూ?" అని అడిగాడు.

"మెట్టక్కర్లేనంత ఎత్తు" అన్నాను.